అంతర్జాలంలో చదివినదాన్ని ఆధారాల పట్టికలో ఎలా చూపాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో హనుమకొండ, కరీంనగర్, ములుగు, జనగామ ప్రాంతాల పరిశోధకులవి, అధ్యాపకులవి ఎక్కువగా ఉన్నాయి. అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే. ఆధారాల పట్టికను తయారుచేసే సాఫ్ట్‌వేర్ పుస్తకాల వరకు చక్కగా పనిచేస్తున్నదని, అంతర్జాలంలో చూసినవాటి దగ్గరికి వచ్చేసరికి పట్టిక చిందరవందర అవుతున్నదని రాశారు. ఎక్కువమంది వాడుతున్నది ఉచితంగా లభించే జొటేరో కనుక దానిని దృష్టిలో ఉంచుకునే జవాబులు రాశాను. వ్యాసాలను అచ్చుకు సిద్ధం చేసే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ వాడే విద్యార్థి ప్రశ్న ఒకటి వేరుగా ఉన్నది.

ప్రశ్న: తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. రెండేళ్లుగా బ్రౌజర్‌లో జొటేరో గుర్తు నొక్కి సుమారు రెండు వందల ఆధారాలను భద్రపరిచాను. ఇప్పుడు వర్డ్‌లో ఉపయుక్త గ్రంథసూచి తీస్తే సగానికి పైగా వెబ్ పుటలుగానే వచ్చాయి. రచయితల పేర్లు 'రెడ్డి', 'రావు' అని మొదలవుతున్నాయి. పర్యవేక్షకులు సరిచేసి తెమ్మని తిరిగి ఇచ్చారు. వేరే శైలి ఎంచుకుంటే సరిపోతుందా?
– పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: శైలి మార్చినందువల్ల సరిపోదమ్మా. ఏపీఏ, షికాగో, ఎమ్ఎల్ఏ వంటి శైలులు ఆధారాలను ఏ వరుసలో, ఎలా రాయాలో చెప్పే నియమావళులు. శైలి ఫైలు చేసే పనల్లా గడుల్లో ఉన్న సమాచారాన్ని ఒక వరుసలో పేర్చి, చుక్కలూ కామాలూ పెట్టడమే. గడిలో 'రెడ్డి' అన్నది ఇంటిపేరుగా కూర్చుని ఉంటే ఏపీఏ శైలీ 'రెడ్డి' అనే అంటుంది, షికాగో శైలీ 'రెడ్డి' అనే అంటుంది. కనుక పని మొదలుపెట్టవలసింది ఒక్కొక్క పద్దు దగ్గర, అందులోనూ దాని రకం దగ్గర.

మీ వస్తువు అంతర్జాలంలో దొరికిందన్నది అది మీ దగ్గరకు చేరిన దారిని మాత్రమే చెబుతుంది. దారి ఏదైనా చేరింది పుస్తకం కావచ్చు, సిద్ధాంత వ్యాసం కావచ్చు, పత్రికలోని వార్త కావచ్చు, ప్రభుత్వ నివేదిక కావచ్చు. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో మొదట అచ్చయింది. దాని స్కాన్ ప్రతిని మీరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదివారనుకుందాం. తెర మీద చదివినంత మాత్రాన అది వెబ్ పుట కాదు, ముఖపత్రమూ ప్రచురణ సంవత్సరమూ పుటల సంఖ్యలూ ఉన్న అచ్చు పుస్తకం. కాబట్టి జొటేరోలో దాని రకాన్ని 'బుక్' అని మార్చి, స్కాన్‌లోని ముఖపత్రం తెరిచి చూసి, మీరు చదివిన ముద్రణ ఏదో ఆ సంవత్సరాన్నే తేదీ గడిలో రాయాలి. అది తర్వాతి ముద్రణ అయితే, 'ఎక్స్‌ట్రా' అనే గడిలో 'ఒరిజినల్ డేట్' అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, 1949 అని చేర్చండి. ఏపీఏ వంటి శైలులు దాన్ని మొదటి ముద్రణ సంవత్సరంగా గుర్తిస్తాయి. స్కాన్ చిరునామాను యూఆర్ఎల్ గడిలో ఉంచితే ఇతరులకు దారి దొరుకుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, చాలాచోట్ల గుర్తుపట్టలేనంత తప్పులతో నమోదై ఉన్నాయి. బ్రౌజర్‌లోని గుర్తు ఆ తప్పులనే యథాతథంగా తెచ్చి మీ గడుల్లో పెడుతుంది. ముఖపత్రం చూసి తెలుగులో తిరిగి టైపు చేయడం తప్ప దీనికి మరో మార్గం లేదు. ఏదైనా రోమన్ లిపిలోనే ఉంచవలసి వస్తే 'లాంగ్వేజ్' గడిలో తెలుగు సంకేతమైన టి-ఇ అక్షరాలను రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే షికాగో, ఎమ్ఎల్ఏ వంటి ఇంగ్లీషు శైలులు దాన్ని ఇంగ్లీషు శీర్షికగా భావించి ప్రతి మాటకూ పెద్ద అక్షరం తగిలిస్తాయి.

శోధ్‌గంగలో చదివిన సిద్ధాంత వ్యాసాలకు 'థీసిస్' రకం ఎంచుకోండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ నిధిలో ఒక్కొక్క అధ్యాయాన్ని విడి పీడీఎఫ్‌గా పెడతారు. మీరు మూడో అధ్యాయం తెరిచి గుర్తు నొక్కితే ఆ ఫైలు మాత్రమే పట్టుబడుతుంది, రచయిత పేరూ విశ్వవిద్యాలయం పేరూ రావు. కాబట్టి ఆ సిద్ధాంత వ్యాసపు మొదటి పుటకు వెళ్లి భద్రపరచండి. అక్కడ 10603 అన్న అంకెతో మొదలయ్యే హ్యాండిల్ చిరునామా ఒకటి కనిపిస్తుంది. శాశ్వతంగా ఉండాలని ఏర్పాటు చేసిన చిరునామా అదే కనుక, బ్రౌజర్ పైన కనిపించే దానికి బదులు దీన్నే ఇవ్వడం మంచిది. సంవత్సరం విషయంలో కూడా, ఆ నిధిలోకి ఎక్కించిన తేదీని కాక పట్టా కోసం సమర్పించిన సంవత్సరాన్ని రాయాలి.

ఇక పేర్ల సంగతి, మన పట్టికలను ఎక్కువగా పాడుచేస్తున్నది ఇదే. ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టిన సమాజంలో ఇంటిపేరు చివర వస్తుంది. అందువల్ల వెబ్ పుటలో 'కాళోజీ నారాయణరావు' అన్న పేరు ఇంగ్లీషులో మూడు మాటలుగా కనిపిస్తే, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని 'రావు' కింద చేరుస్తాయి. వరంగల్‌లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కాళోజీ మీ పట్టికలో కాళోజీగా దొరకకపోవడం ఎంత విడ్డూరమో మీకు తెలియనిది కాదు. పైగా 'రావు, 1953', 'రెడ్డి, 1960' అని వాక్యం చివర పెడితే ఏ రావో ఏ రెడ్డో చదివేవారికి తెలియదు. మన పొడి అక్షరాలదీ ఇదే చిక్కు. పాశ్చాత్యుల పేర్లలో పొడి అక్షరం వెనుక సాధారణంగా సొంత పేరు దాగుంటుంది, మన పేర్లలో మొదటి అక్షరం వెనుక ఇంటిపేరు దాగుంటుంది.

తెలుగు లిపిలో రాసే పద్దులన్నింటికీ నేను అనుసరించే పద్ధతి ఒకటే. జొటేరోలో పేరు గడి పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కితే రెండు గడులు కలిసి ఒకే గడి అవుతుంది. అందులో 'కాళోజీ నారాయణరావు' అని మనం పలికే వరుసలోనే రాస్తే, పట్టికలోనూ పాదసూచికలోనూ ఎక్కడా తారుమారు కాకుండా అలాగే అచ్చవుతుంది, అక్షరక్రమంలో 'క' దగ్గరే చేరుతుంది. ఇంగ్లీషు పద్దుల్లో మాత్రం ఇంటిపేరును 'లాస్ట్ నేమ్' గడిలో, మిగిలిన పేరును రెండో గడిలో ఉంచండి. డాక్టర్, ఆచార్య, శ్రీ వంటి గౌరవపదాలను పేరు గడిలోకి రానివ్వకండి. గౌరవం మీ వాక్యాల్లో చూపవచ్చు. గడిలో రాస్తే ఆచార్యులందరూ 'ఆ' దగ్గర పోగుపడతారు.

రెండు వందల పద్దులను ఒక్కసారిగా మార్చే మీట జొటేరోలో లేదు. రోజుకు ఇరవై చొప్పున చూసినా పది రోజుల పని. రకం మార్చేటప్పుడు కొన్ని గడుల సమాచారం పోతుందని హెచ్చరిక వస్తే, చదవకుండా ఒప్పుకోవద్దు. అవసరమైనదాన్ని ముందుగా వేరేచోట రాసిపెట్టుకోండి. ఇకమీదట భద్రపరిచేటప్పుడు బ్రౌజర్‌లోని గుర్తు ఏ రూపంలో ఉన్నదో ఒక్క క్షణం గమనించండి. పుస్తకం బొమ్మ ఉంటే పుస్తకంగా, వార్తాపత్రిక బొమ్మ ఉంటే పత్రికా వ్యాసంగా గుర్తించిందన్నమాట. ఉత్త కాగితం బొమ్మ కనిపిస్తే జొటేరోకు ఆ పుట స్వభావం తెలియలేదు, ఆ పని మీరే చేయాలి.

ప్రశ్న: మా సిద్ధాంత వ్యాసంలో తెలుగు ఆధారాలు ఒక పట్టికగా, ఇంగ్లీషు ఆధారాలు మరో పట్టికగా ఇవ్వాలి. జొటేరో అన్నిటినీ కలిపి ఒకే పట్టిక ఇస్తున్నది.
– పరిశోధక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: వర్డ్‌లో జొటేరో ఒక పత్రానికి ఒకే పట్టిక ఇస్తుంది. మీరు జొటేరోలో తెలుగు ఆధారాలకు ఒక సంచయం (కలెక్షన్), ఇంగ్లీషు ఆధారాలకు ఒక సంచయం ఏర్పరచుకుని, ఆ సంచయం పేరు మీద కుడి మీట నొక్కి పట్టిక తయారుచేసే ఆజ్ఞ ఇవ్వండి. రెండు పట్టికలూ విడివిడిగా వస్తాయి. అయితే ఇలా తీసిన పట్టికకు మీ వ్యాసంతో ముడి ఉండదు. వ్యాసంలో ఎక్కడా ప్రస్తావించని పద్దు కూడా సంచయంలో ఉంటే పట్టికలోకి వస్తుంది, తర్వాత వ్యాసంలో చేర్చినది దానంతట అది రాదు. కనుక ఈ పనిని సమర్పణకు ముందు, చిట్టచివర మాత్రమే చేయండి.

ప్రశ్న: తెలంగాణ ఉద్యమకాలపు పత్రికా వార్తల మీద వ్యాసం రాస్తున్నాను. అన్ని వార్తలకూ లింకులు భద్రపరిచాను. పట్టికలో కొన్నింటికి లింకు వస్తున్నది, కొన్నింటికి రావడం లేదు. అన్నీ 'న్యూస్‌పేపర్ ఆర్టికల్' రకమే, శైలి కూడా ఒకటే. కారణం ఏమిటి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: లింకు రానివాటిని ఒకసారి తెరిచి చూడండి. వాటికి పుట సంఖ్య గడి నిండి ఉంటుంది, లింకు వచ్చినవాటికి ఆ గడి ఖాళీగా ఉంటుంది. పత్రికలు, వారపత్రికలు, పరిశోధన పత్రికల్లోని వ్యాసాలకు పుట సంఖ్య ఉన్నదంటే మీరు అచ్చు ప్రతినే చూశారని జొటేరో భావించి, లింకు అనవసరమని వదిలేస్తుంది. అది పొరపాటు వల్ల జరుగుతున్నది కాదు, అలా చేయమని పెట్టిన అమరికే. సెట్టింగ్స్‌లో సి-ఐ-టి-ఇ అక్షరాలతో ఉన్న 'సైట్' విభాగంలో, శైలుల జాబితా ఉన్నచోట, అచ్చు వ్యాసాల లింకులను కూడా పట్టికలో చేర్చాలా అని అడిగే ఒక చదరం ఉంటుంది. దానికి టిక్కు పెడితే అన్నిటికీ లింకులు వస్తాయి.

కానీ టిక్కు పెట్టే ముందు మీరు నిజంగా చూసింది ఏది అని ఆలోచించండి. గ్రంథాలయంలో అచ్చు పత్రిక చూసి పుట సంఖ్య రాసుకుని, తర్వాత సౌలభ్యం కోసం లింకు చేర్చినట్లయితే, జొటేరో లింకును వదిలేయడమే సబబు. జిల్లా సంచికలో అచ్చయిన వార్తకూ అదే పత్రిక వెబ్ పుటలోని వార్తకూ శీర్షికలోనో పొడవులోనో తేడా ఉండవచ్చు. కరీంనగర్ సంచికలో వచ్చింది హైదరాబాద్ సంచికలో అసలు రాకపోనూ వచ్చు. జిల్లా సంచిక చూసి ఉంటే 'ఎడిషన్' గడిలో ఆ సంచిక పేరు తప్పక రాయండి. ఇది చాలామంది వదిలేసే గడి, అయితే ఉద్యమ చరిత్ర రాసేవారికి ఎంతో విలువైనది.

తేదీల విషయం కూడా ఇక్కడే చెబుతాను. 05/03/2011 అని రాస్తే అది మార్చి 5 అన్నది మనకు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే దానికి మే 3. ఎప్పుడూ సంవత్సరం, నెల, తేదీ అన్న వరుసలో 2011-03-05 అని రాయండి. తేదీ గడి పక్కన జొటేరో వై, ఎమ్, డి అన్న చిన్న అక్షరాలను చూపుతుంది. మీరు రాసిందాన్ని అది ఏ వరుసలో అర్థం చేసుకున్నదో వాటిని చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: రామప్ప గుడి మీద చిన్న పుస్తకం రాస్తున్నాను. యునెస్కో పుట, జిల్లా వెబ్‌సైట్ల పుటలు ఆధారాలుగా ఉన్నాయి. వీటికి రచయిత ఉండడు, తేదీ ఉండదు. మూడేళ్ల కింద చూసిన రెండు పుటలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. వీటిని ఆధారాలుగా ఇవ్వవచ్చునా?
– ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: తప్పకుండా ఇవ్వవచ్చు, అయితే మీరు ఏ రోజు ఏమి చూశారో నిరూపించగలిగేలా ఇవ్వాలి.

ముందు యునెస్కో పుట. వ్యక్తి పేరు లేనంత మాత్రాన రచయిత లేనట్లు కాదు. ఆ పుటకు బాధ్యత వహించే సంస్థే రచయిత. జొటేరోలో పేరును ఒకే గడిగా మార్చి అందులో 'యునెస్కో వరల్డ్ హెరిటేజ్ సెంటర్' అని రాయండి. రెండు గడులుగా వదిలేస్తే 'సెంటర్' ఇంటిపేరైపోయి పట్టికలో 'సెంటర్, యు. డబ్ల్యూ. హెచ్.' అని వస్తుంది. శీర్షిక గడిలో పుట మీద ఉన్న గుడి పేరును అక్కడ ఉన్నట్లే రాయాలి. ఏపీఏ పద్ధతిలో రచయితా వెబ్‌సైటూ ఒకటే అయినప్పుడు వెబ్‌సైట్ పేరును రెండోసారి చెప్పరు కనుక ఆ గడిని ఖాళీగా ఉంచండి.

తేదీ గడిలో చాలామంది 2021 అని రాస్తున్నారు. రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 2021 జూలై 25న, అది గుడికి సంబంధించిన తేదీ. పుట ప్రచురణ తేదీ అక్కడ ఇవ్వనప్పుడు ఆ గడిని ఖాళీగానే వదలండి. తేదీ లేదన్న మాటను శైలి తానే చేరుస్తుంది. ఆ మాట మీ పట్టికలో తెలుగులో కావాలంటే, శైలి ఫైలు ఎక్స్ఎమ్ఎల్‌లో రాసిన మామూలు పాఠమే కనుక, అందులో 'తేదీ లేదు', 'చూసిన తేదీ' వంటి తెలుగు మాటలను పెట్టుకోవచ్చు. అలా మార్చిన ఫైలుకు కొత్త పేరూ కొత్త గుర్తింపూ ఇవ్వాలి. లేకపోతే జొటేరో తన శైలులను నవీకరించినప్పుడు మీ మార్పులు చెరిగిపోతాయి.

చూసిన తేదీ ఇవ్వాలా వద్దా అన్నది శైలిని బట్టి మారుతుంది. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు, ఎప్పటికప్పుడు మారేలా ఏర్పాటైన పుటలకు మాత్రమే చూసిన తేదీ అడుగుతుంది. షికాగో పద్ధతి ప్రచురణ తేదీ లేనప్పుడు అడుగుతుంది. ఎమ్ఎల్ఏ పద్ధతి మీ ఇష్టానికి వదిలేస్తుంది. పట్టికలో అచ్చయినా కాకపోయినా 'యాక్సెస్డ్' గడిని మాత్రం నింపి ఉంచండి. మీరు భద్రపరిచిన రోజును జొటేరో అందులో తానే వేస్తుంది. ఆరు నెలల తర్వాత అదే పుటను మళ్లీ చదివి కొత్త సంగతి తీసుకుంటే ఆ తేదీని మీరే మార్చాలి.

జిల్లా పుటల విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉన్నది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగానూ, వరంగల్ రూరల్ వరంగల్‌గానూ మారాయి. అంటే 'వరంగల్ జిల్లా వెబ్‌సైట్' అన్న ఒక్క మాట 2015లో ఒక భూభాగాన్నీ 2018లోనూ 2022లోనూ వేర్వేరు భూభాగాలనూ సూచిస్తుంది. చూసిన తేదీ లేని ఆధారం ఇక్కడ చదివేవారిని నేరుగా తప్పుదారి పట్టిస్తుంది. కనుక శైలి అడగకపోయినా జిల్లా పుటలన్నిటికీ చూసిన తేదీ ఇవ్వమని నా గట్టి సలహా.

తెరుచుకోని పుటల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా పెట్టి వెతకండి. భద్రపరిచిన ప్రతి దొరికితే దాని చిరునామాలో పద్నాలుగు అంకెలు కనిపిస్తాయి. సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను అన్నీ అందులోనే ఉంటాయి. మీరు చూసిన రోజుకు దగ్గరగా ఉన్న ప్రతిని ఎంచుకుని, మీరు వాడిన వాక్యం అందులో ఉన్నదో లేదో చదివి నిర్ధారించుకున్న తర్వాత ఆ చిరునామాను యూఆర్ఎల్ గడిలోనూ, పాత చిరునామాను 'ఎక్స్‌ట్రా' గడిలోనూ ఉంచండి. దొరకకపోతే, ఆ పుట ఒక్కటే ఆధారంగా చెప్పిన సంగతిని మీ పుస్తకంలో ఉంచాలా అన్నది మళ్లీ ఆలోచించండి. నా సొంత వ్యాసం ఒకదానిలో పదేళ్ల కింద ఒక కార్యాలయం పుట నుంచి అంకెలు తీసుకుని చిరునామా మాత్రమే ఇచ్చాను. ఇవాళ ఆ పుట లేదు, ప్రతి లేదు, ఆ అంకెలు ఎక్కడివని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ బాధ మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు తెరుచుకుంటున్న పుటలను ఈ రోజే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. అక్కడ చిరునామా ఇచ్చి భద్రపరచమని కోరే ఏర్పాటు ఉచితంగా ఉన్నది. జొటేరో కూడా పుటకు ఒక ప్రతి తీసి ఉంచుతుంది, కానీ అది మీ కంప్యూటర్‌లో మీకు మాత్రమే పనికివస్తుంది. మీ పాఠకుడు వెళ్లి చూడగలిగేది వేబ్యాక్ ప్రతినే.

ప్రశ్న: ఒగ్గుకథ ప్రదర్శనల యూట్యూబ్ వీడియోలను ఆధారాలుగా ఇవ్వాలి. జొటేరో ఛానల్ పేరును దర్శకుడిగా చూపుతున్నది. కథ చెప్పిన కళాకారుడి పేరు ఎక్కడా రావడం లేదు.
– జానపద పరిశోధకుడు, జనగామ

జవాబు: మీ ఆవేదన న్యాయమైనది. ఏపీఏ వంటి పద్ధతుల్లో వీడియోను ఎక్కించినవారినే రచయిత స్థానంలో ఉంచుతారు, ఎందుకంటే పాఠకుడు ఆ వీడియోను వెతికి పట్టుకోవడానికి ఆ పేరే దారి. ఆ నియమాన్ని పట్టికలో పాటించండి. కళాకారుడి పేరును, బృందం ఊరును, చెప్పిన కథ బీరప్పదో మల్లన్నదో ఆ వివరాన్ని వ్యాసంలోని వాక్యంలోనే స్పష్టంగా రాయండి. కళాకారుడి పేరు పాదసూచికకు పరిమితం కాకుండా మీ వాక్యంలో కర్తగా నిలబడటం నా దృష్టిలో ఇంకా గౌరవప్రదం.

యూట్యూబ్ చూపే తేదీ వీడియోను ఎక్కించిన తేదీ. ప్రదర్శన అంతకు ఎన్నో ఏళ్ల ముందు జరిగి ఉండవచ్చు. జాతరలో రికార్డు చేసిన పాత క్యాసెట్‌ను ఎవరో ఇటీవల ఎక్కించినట్లయితే, తేదీ గడిలో ఎక్కించిన తేదీని ఉంచి, ప్రదర్శన కాలాన్ని తెలిసినంతవరకు వాక్యంలో చెప్పండి. రెండు గంటల కథలో మీరు ఉదహరించిన పాట ఎక్కడున్నదో పాఠకుడు వెతుక్కోలేడు. వర్డ్‌లో ఆధారం చేర్చేటప్పుడు చివర రాసుకునే వీలున్న గడిలో నిమిషాలు, సెకన్లు ఇవ్వండి. పుస్తకానికి పుట సంఖ్య ఎంతో వీడియోకు అది అంత.

ప్రశ్న: లేటెక్‌లో ప్రాజెక్టు నివేదిక రాస్తున్నాను. బిబ్‌టెక్ ఫైలులో వెబ్ చిరునామా ఇచ్చినా పట్టికలో అచ్చు కావడం లేదు. ఒక మంత్రిత్వ శాఖ పేరు ఇద్దరు రచయితలుగా విడిపోయింది.
– ఎం.టెక్. విద్యార్థి, కాజీపేట

జవాబు: లేటెక్‌లో ఆధారాల పట్టికను తయారుచేసే బిబ్‌టెక్ 1985 నాటిది, అప్పటికి వెబ్ లేదు. దానితో వచ్చే ప్లెయిన్, ఆల్ఫా వంటి పాత శైలులకు చిరునామా గడి అన్నదే తెలియదు కనుక మీరిచ్చినదాన్ని పట్టించుకోవు. వాటితోనే పని జరగాలంటే 'మిస్క్' రకం ఎంచుకుని, చిరునామాను ప్రచురణ విధానం చెప్పే గడిలోనూ, చూసిన తేదీని 'నోట్' గడిలోనూ రాయాలి. మీ విభాగం ఫలానా శైలి అని నిర్బంధించకపోతే అదే పని చేసే కొత్త ఏర్పాటైన బిబ్‌లేటెక్‌కు, దానితోపాటు బైబర్‌కు మారండి. అందులో 'ఆన్‌లైన్' అన్న రకమే ఉన్నది. చూసిన తేదీకి ప్రత్యేకమైన గడి ఉన్నది, అక్కడ కూడా సంవత్సరం-నెల-తేదీ వరుసే. 5-3-2024 అని రాస్తే బైబర్ హెచ్చరించి ఆ తేదీని వదిలేస్తుంది.

మంత్రిత్వ శాఖ విడిపోవడానికి కారణం 'అండ్' అన్న మాట. రచయితల గడిలో ఆ మాట కనిపించిన ప్రతిచోటా బిబ్‌టెక్ కొత్త రచయిత మొదలయ్యాడని అనుకుంటుంది. 'మినిస్ట్రీ ఆఫ్ హెల్త్ అండ్ ఫ్యామిలీ వెల్ఫేర్' అందుకే ఇద్దరైంది. మొత్తం పేరును అదనంగా మరో జత మీసాల కుండలీకరణాల్లో పెడితే ఒకే పేరుగా నిలుస్తుంది. పొడవైన చిరునామాలు పుట అంచు దాటిపోతుంటే ఎక్స్-యూఆర్ఎల్ ప్యాకేజీని చేర్చండి. తెలుగు పద్దులు కూడా ఉంటే జీలేటెక్ లేదా లువాలేటెక్‌తో నడపాలి.

ప్రశ్న: తెలుగు వికీపీడియా వ్యాసం లింకు పట్టికలో శాతం గుర్తులతో మూడు వరుసలు ఆక్రమిస్తున్నది. చిన్నది చేయవచ్చునా?
– గ్రంథాలయ ఉద్యోగి, జగిత్యాల

జవాబు: వెబ్ చిరునామాలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది. 'వరంగల్' అన్న మాటలో సున్నానూ పొల్లునూ కలుపుకుని ఆరు సంకేతాలు ఉన్నాయి, అది చిరునామాలో 54 అక్షరాలవుతుంది. శీర్షికలో నాలుగు మాటలుంటే మూడు వరుసలు కావడంలో వింత లేదు.

వికీపీడియా వ్యాసం పక్కన ఉపకరణాల్లో శాశ్వత లింకు అని ఒకటి ఉంటుంది. అందులో ఆ వ్యాసపు నిర్దిష్టమైన కూర్పుకు ఒక సంఖ్య ఇస్తారు. శీర్షికను తీసేసి ఆ కూర్పు సంఖ్యతో మాత్రమే చిరునామా ఇచ్చినా పుట తెరుచుకుంటుంది కనుక లింకు ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. అంతకంటే ముఖ్యమైన లాభం, రేపు ఎవరైనా ఆ వ్యాసాన్ని మార్చినా మీరు చదివిన కూర్పే పాఠకుడికి కనిపిస్తుంది. సామాజిక మాధ్యమాల నుంచి వచ్చిన లింకుల చివర ప్రశ్న గుర్తు తర్వాత పొడవైన తోక ఉంటే, దాన్ని తీసి ఒకసారి తెరిచి చూడండి. అదే పుట తెరుచుకుంటే తోక అక్కర్లేదు, వేరే పుట వస్తే ఆ తోకలోనే పుట గుర్తింపు ఉన్నదని తెలుసుకుని అలాగే ఉంచండి. వికీ వ్యాసానికి తేదీ గడిలో ఆ కూర్పు తేదీని రాయండి, మీరు చూసిన తేదీ దాని గడిలో ఎలాగూ ఉంటుంది.